ఒక్క వాక్యం – వంద దస్త్రాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో, గద్వాలలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఏ విషయం మీద మాట్లాడాలని అడిగితే, "మీ ఇష్టం, కానీ బీపీ, షుగర్ల మీద మాత్రం వద్దు, పోయిన ఏడాది డాక్టరు గారు చెప్పేశారు" అన్నారు. కాబట్టి నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య గురించి మాట్లాడతాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సూపరింటెండెంటుగా దిగిపోయే వరకు ముప్పై అయిదేళ్ళు నేను చేసిన పని కాగితంలో వాక్యం చేర్చడం. ఒక్క కాగితంలో కాదు, ఒకే వాక్యాన్ని ఒకేసారి అనేక దస్త్రాలలో చేర్చడం. ఇది చాలా చిన్న పనిగా కనబడుతుంది. ఎంత పెద్ద పనో నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన తీరు మీకు మనవి చేస్తాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాచకుండా చెబుతాను.

మిత్రులారా, మనం ఈ డిసెంబరు 17ను ఎందుకు జరుపుకుంటున్నామో మీకందరికీ తెలుసు. నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1982 డిసెంబరు 17న. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు అధ్యక్షులుగా అయిదుగురు కూర్చున్న ధర్మాసనం అది. తీర్పు రాసినవారు జస్టిస్ దేశాయ్ గారు. మన తెలుగువారు జస్టిస్ చిన్నపరెడ్డి గారు కూడా ఆ అయిదుగురిలో ఉన్నారు. పెన్షను దయాధర్మం కాదు, చేసిన పనికి హక్కు అని ఆ తీర్పు చెప్పిందని మనం ప్రతి ఏడూ చెప్పుకుంటాం. కానీ ఆ కేసు దేని మీద నడిచిందో గుమాస్తా కంటితో ఒకసారి చూడండి. 1979 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్క కట్టే పద్ధతిని మెరుగుపరిచింది. సంతోషం. కానీ అందులో ఒక వాక్యభాగం ఉంది. 1979 మార్చి 31 నాటికి సర్వీసులో ఉండి, ఆ రోజున గాని ఆ తరువాత గాని రిటైరైన వారికే ఇది వర్తిస్తుందని. అంతే! ఆ నాలుగు మాటల వల్ల అంతకుముందు దిగిపోయిన లక్షలాది ముసలివాళ్ళు గీతకు అవతల నిలబడిపోయారు. కోర్టు వారు పథకాన్ని కొట్టివేయలేదు. ఆ మాటలను మాత్రమే కొట్టివేశారు. పాత పెన్షనర్ల లెక్కలన్నీ మళ్ళీ కట్టవలసి వచ్చింది.

మన రాష్ట్రంలో ఇంకొక ముచ్చట చూడండి. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయస్సు 58 నుండి 55కు తగ్గించారు. నిబంధనలో మారింది ఒక్క అంకె. ఆ నెలాఖరుకు వేలమంది ఉద్యోగులు పూలదండలు వేయించుకొని ఇంటికి పోయారు. ఇంటికి పోయినవారిలో పిల్ల పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నవారు, ఇల్లు పునాదుల మీద ఉన్నవారు ఎందరో! ఆ తరువాత మళ్ళీ 58 చేశారు. అదీ ఒక్క అంకెతోనే. నేను చెప్పదలచింది రాజకీయం కాదు. ఒక మాట ఒకేసారి అందరి కాగితాల్లోకి వెళ్ళినప్పుడు దాని బరువు ఎంత ఉంటుందో చెప్పడమే నా ఉద్దేశం.

ఆ రోజుల్లో ఈ పని ఎలా చేసేవాళ్ళమో పిల్లలకు తెలియదు గనుక కాస్త వివరంగా చెబుతాను. ఆఫీసులో ఫండమెంటల్ రూల్సు, ట్రెజరీ కోడు, పెన్షను రూల్సు మొదలైన పుస్తకాలు ఉండేవి. ప్రభుత్వం ఏదైనా నిబంధన మార్చినప్పుడల్లా పుస్తకం మళ్ళీ అచ్చు వేయరు గదా. కరెక్షన్ స్లిప్పులని సన్నని కాగితం ముక్కలు అచ్చువేసి పంపేవారు. "ఫలానా పేరాలో, ఫలానా మాట తరువాత, ఈ క్రింది వాక్యమును చేర్చవలెను, ఇది ఫలానా తేదీ నుండి అమలులోనికి వచ్చును" అని దాని మీద ఉండేది. అటెండరు మైదాపిండితో జిగురు ఉడికించి తెచ్చేవాడు. కత్తెరతో ముక్కను కత్తిరించి, ఆ పేరా పక్కనే అతికించి, పుస్తకం అట్ట లోపల సవరణ నంబరూ తేదీ రాసి, చిన్న సంతకం చేయాలి. ఆఫీసులో పది పుస్తకాలుంటే పదింటిలోనూ అదే పని. వానాకాలంలో ఆ జిగురుకు బొద్దింకలు వచ్చేవి. ఒక్కోసారి సవరణను బొద్దింక తినేసేది, పాత రూలే మిగిలేది!

మా హెడ్ క్లర్కు గారు పాతకాలం మనిషి. హైదరాబాదు సంస్థానం నాటి ఉర్దూ మిసిళ్ళు కుడి నుండి ఎడమకు గడగడా చదివేవారు. ఆయన నాకు మొదటి వారంలోనే ఒక పాఠం చెప్పారు. "అరే బాబూ, రాసే మాట సర్కారు వారిది. రాసే చోటు మాత్రం నీది. మాట తప్పయితే వాళ్ళు సవరిస్తారు. చోటు తప్పయితే ఎవరికీ కనబడదు" అని. అప్పట్లో అర్థం కాలేదు.

చోటు ఎంత ముఖ్యమో చూడడానికి మన ఉద్యోగులందరికీ నోటికి వచ్చిన ఉదాహరణే ఉంది. రాజ్యాంగంలో 371-డి అధికరణం. 1973లో వచ్చిన 32వ సవరణ చట్టం ద్వారా దానిని చేర్చారు. దాని ఆధారంగానే 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, లోకల్ క్యాడర్లు, జోన్లు వచ్చాయి. 371 తరువాత కొత్తది వచ్చింది గదా, మరి దానికి 372 అని నంబరు ఎందుకు ఇవ్వలేదు? 372 అప్పటికే ఉంది. దానిని జరిపితే తరువాతవన్నీ జరగాలి. వేలాది తీర్పుల్లో, జీవోల్లో ఉన్న పాత నంబర్లన్నీ తప్పుపోతాయి. అందుకని పాతదాన్ని కదిలించకుండా పక్కన ఒక అక్షరం పెట్టి కొత్తదాన్ని ఇరికించారు. మన గద్వాల నేతగాళ్ళు నూలు చీరకు పట్టు అంచు కలపడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అంచు పోగూ ఒంటి పోగూ వరుస వరుసకూ ముడిపడుతూ పోవాలి, ఒంటి నేత మాత్రం చెదరకూడదు.

ఇక నా తప్పు సంగతికి వస్తాను. ఆఫీసు పేరు, ఊరి పేరు చెప్పను. 1982లో నేను ఒక ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంటు సీటు చూస్తున్నాను. నా దగ్గర 62 సర్వీసు రిజిస్టర్లు ఉండేవి. ప్రతి ఉద్యోగి సర్వీసునూ ఏటేటా జీతపు బిల్లులతో, అక్విటెన్సు రోలుతో సరిచూసి "సరిచూడబడినది" అని రిజిస్టరులో ఒక వాక్యం రాసి అధికారి సంతకం తీసుకోవాలి. మూడేళ్ళుగా ఆ పని జరగలేదు. ఇన్‌స్పెక్షను నాలుగు రోజుల్లో ఉంది. 62 మందికి 36 నెలలంటే 2232 సార్లు బిల్లు తిప్పి చూడాలి. నాకు ముప్పై ఒక్క ఏళ్ళు. తెలివి ఎక్కువ. నేరుగా రబ్బరు ముద్రలు చేసేవాడి దగ్గరకు పోయి ఆ వాక్యాన్నంతా ఒక ముద్రగా చేయించాను. ఒక్క సాయంత్రం కూర్చొని 62 రిజిస్టర్లలోనూ ధన్ ధన్ మని కొట్టేశాను. అధికారి గారు కట్టలు కట్టలుగా సంతకాలు చేశారు. ఇన్‌స్పెక్షనులో రిజిస్టర్లు అప్‌డేటుగా ఉన్నాయని మెచ్చుకున్నారు కూడా.

ఆ 62 మందిలో ఒక అటెండరు ఉన్నాడు. మాకు మైదా జిగురు ఉడికించి ఇచ్చినవాడే. 1980లో అతనికి క్షయ వచ్చింది. అయిదు నెలలు జీతం లేని సెలవులో ఉన్నాడు. డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చాడు. దరఖాస్తూ ఇచ్చాడు. కానీ ఆ సెలవు మంజూరు ఉత్తర్వు రిజిస్టరులోకి ఎక్కలేదు. నేను బిల్లులు చూసి ఉంటే ఆ అయిదు నెలలూ జీతం లేదని కనబడేది. ఆ దరఖాస్తు వెతికేవాడిని, సెలవు రాయించేవాడిని. వైద్య ధ్రువపత్రం మీద తీసుకున్న సెలవు కనుక పెన్షనుకు పెద్ద అడ్డం వచ్చేది కాదు. నేను చూడలేదు. ముద్ర మాత్రం "సరిచూడబడినది" అంటోంది.

పద్నాలుగేళ్ళు ఆ ముద్ర నోరు మూసుకొని ఉంది. 1996లో అతను రిటైరయ్యాడు. పెన్షను కాగితాలు తనిఖీకి పోయినచోట బిల్లులకూ రిజిస్టరుకూ పొత్తు కుదరలేదు. అయిదు నెలలు ఎక్కడున్నాడు, సెలవు ఎవరు మంజూరు చేశారు, ఇంక్రిమెంట్లు ఎలా ఇచ్చారు అని ఆక్షేపణలు వచ్చాయి. కాగితం ఇటు నుండి అటు, అటు నుండి ఇటు తిరుగుతుండగానే ఆ మనిషి కన్నుమూశాడు. అతని భార్య నన్ను వెతుక్కుంటూ గద్వాల వచ్చింది. నా మీద కోపంతో కాదు. "పాత సారు, లెక్క తెలుసు" అని ఎవరో చెబితే సాయం కోసం వచ్చింది. మా ఇంటి అరుగు మీద కూర్చొని ఒకటే అడిగింది. "సారూ, మా ఇంటాయన అయిదు నెలల దినాలు యాడ పోయినయి సారూ? ఆయన మంచంల ఉండె. నేనే గంజి తాపిన. మరి ఆఫీసోళ్ళు యాడున్నడో తెల్వదంటరేంది?"

ఆమెకు నేనేం చెప్పాలి? ఆ దినాలు నా ముద్ర కింద ఉన్నాయని చెప్పాలి. చెప్పలేదు. ఆ రోజు చాయ్ ఇచ్చి, చూస్తానమ్మా అని పంపించాను. ఆ తరువాత, నేను బిల్లులు చూడకుండా ముద్ర వేశానని రాసివ్వడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. "ఎందుకయ్యా, పాత సంగతి, నీ సర్వీసుకు మచ్చ" అని స్నేహితులన్నారు. చివరకు రాసిచ్చాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. సెలవు పెట్టి ఆ ఆఫీసుకు పోయి, రికార్డు గదిలో మూడు రోజులు కూర్చొని, పాత కట్టల్లో అతని దరఖాస్తూ డాక్టరు సర్టిఫికెట్టూ వెతికి తీశాను. అతను పోయిన తరువాత పద్నాలుగు నెలలకు గాని ఆమెకు కుటుంబ పెన్షను రాలేదు. ఆ పద్నాలుగు నెలలు ఆమె ఎలా బతికిందో నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

ఈ సంగతి ఇన్నేళ్ళ తరువాత సభలో ఎందుకు చెబుతున్నానంటే, ఇదే తప్పు నా కళ్ళ ముందు మళ్ళీ జరిగింది. ఈసారి రబ్బరు ముద్రతో కాదు, కంప్యూటరుతో.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు గద్వాల వచ్చి మా ఇంట్లోనే ఉండి పని చేసింది. నేను పక్కన కుర్చీ వేసుకొని చూస్తుండేవాడిని. ఒకనాడు అడిగాను, "ఏం చేస్తున్నవు బిడ్డా?" అని. "స్క్రిప్టుల్ల ఒక లైను ఎక్కిస్తున్న తాతా. మూడు వందల నలభై ఫైళ్ళున్నయి" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది మన పనే గదా!

స్క్రిప్టు అంటే నాటకం స్క్రిప్టు కాదట. కంప్యూటరు ఒకదాని తరువాత ఒకటి చేయవలసిన పనులను వరుసగా రాసిపెట్టిన కాగితం. మన అధికారుల టూరు ప్రోగ్రాము లాంటిది. ఉదయం ఫలానా ఊరు, మధ్యాహ్నం ఫలానా ఊరు అన్నట్టు. ఇక చేర్చవలసిన వాక్యం ఏమిటంటే, "ఈ ఫైలు ఫలానా విభాగమునకు చెందినది, అనుమతి లేకుండా మార్చరాదు" అని. దాని ముందు హాష్ గుర్తు పెడతారు. ఆ గుర్తు ఉంటే అది మనుషుల కోసం రాసిన మాట, కంప్యూటరు దాన్ని పట్టించుకోదు. పూర్తిగా హాని లేని వాక్యం అన్నమాట.

ఆ పని చేసే సాధనం పేరు సెడ్. అమెరికాలో బెల్ లాబ్స్ అనే పరిశోధనాలయంలో లీ మెక్‌మాన్ అనే ఆయన 1973-74 ప్రాంతంలో తయారు చేశాడట. అంటే నేను నౌకరీలో చేరిన రోజుల్లోనే! ఇక్కడ మేము మైదా జిగురు ఉడికిస్తుంటే అక్కడ ఆయన ఇది చేసిపెట్టాడు. ఫైలును తెరవనక్కరలేదు. ఫలానా వరుస దగ్గర ఫలానా మాట చేర్చు అని ఒక్క ఆజ్ఞ ఇస్తే, ఎన్ని ఫైళ్ళ పేర్లు ఇస్తే అన్నిటిలోనూ చేర్చుకుంటూ పోతుంది. మా మనవరాలు ఒక వరుస టైపు చేసి ఒక మీట నొక్కింది. కన్ను మూసి తెరిచేంతలో "అయిపోయింది తాతా" అంది.

"ఒక్కటన్న తెరిచి చూసినవా?" అన్నాను.

"మూడు చూసిన. మంచిగనే ఉన్నయి."

ఆ రాత్రి పదకొండు గంటలకు ఫోను మోగింది. రాత్రిపూట నడవవలసిన పనులు కొన్ని నడవలేదు. కొన్ని నడిచాయి. కొన్ని నడవబోయి పిచ్చి పిచ్చి తప్పులు చూపి ఆగిపోయాయి. పిల్ల ముఖం పాలిపోయింది. గంటసేపు వెతికి కారణం పట్టింది. అది నాకు ఇలా వివరించింది.

లినక్స్ యంత్రాల్లో నడిచే స్క్రిప్టుకు మొట్టమొదటి వరుస చాలా ముఖ్యమైనదట. అక్కడ హాష్ గుర్తూ, ఆశ్చర్యార్థకం గుర్తూ పక్కపక్కన పెట్టి, ఈ కాగితాన్ని ఏ గుమాస్తా చదవాలో రాస్తారు. కొన్నిటిని షెల్ అనేది చదవాలి, కొన్నిటిని పైథాన్ అనేది చదవాలి. ఆ రెండు గుర్తులూ ఫైలులో మొట్టమొదటి అక్షరాలై ఉండాలి. వాటి కన్నా పైన ఒక్క వరుస చేరినా అవి రెండో వరుసలోకి జారిపోయి లెక్కలోకి రావు. అప్పుడు పైథాన్ చదవవలసిన కాగితాన్ని షెల్ చదవబోతుంది. ఉర్దూ మిసిలును నా ముందు పెట్టినట్టే! మా పిల్ల చేర్చిన వాక్యం అన్నిటిలోనూ నెత్తిన కూర్చుంది. షెల్ చదివే కాగితాలు ఎలాగూ షెల్ చేతికే పడ్డాయి గనుక నడిచాయి. ఆమె తెరిచి చూసిన మూడూ అలాంటివే. మిగతావి చెడ్డాయి.

సెడ్‌కు ఇచ్చే ఆజ్ఞలో ఒక అక్షరం పెడితే చెప్పిన వరుసకు ముందు చేరుస్తుంది. ఇంకొక అక్షరం పెడితే ఆ వరుస తరువాత చేరుస్తుంది. ముందా, తరువాతా? తేడా ఒక్క అక్షరం. మా హెడ్ క్లర్కు గారు చెప్పిన మాట నాకు ఆ అర్ధరాత్రి అర్థమైంది.

అదృష్టవశాత్తు మా పిల్ల ఒక మంచి పని చేసింది. ఆజ్ఞ ఇచ్చేటప్పుడే ప్రతి ఫైలుకూ పాత నకలు పక్కన ఉండేలా చెప్పింది. కాబట్టి పాతవి మళ్ళీ యథాస్థానంలో పెట్టగలిగింది. తెల్లవారి కూర్చొని రెండోసారి చేసింది. ఈసారి నేను కాస్త పెద్దరికం చేశాను. ముందు ఫైళ్ళను జాతుల వారీగా విడదీయమన్నాను. మొదటి వరుసలో ఆ గుర్తులు ఉన్నవి 297, లేనివి 43. ఉన్నవాటిలో మొదటి వరుస తరువాత, లేనివాటిలో అన్నిటికన్నా ముందు. ఒక్కో జాతిలో మూడేసి ఫైళ్ళకు నకళ్ళు తీసి, వాటి మీద చేసి, నడిపి చూసింది. ఆ తరువాతే మొత్తం. అయ్యాక లెక్క. గ్రెప్ అనే ఇంకొక సాధనం ఉందట. ఫలానా వాక్యం ఏ ఫైళ్ళలో ఉంది, ఏ ఫైళ్ళలో లేదు అని జాబితా ఇస్తుంది. పిల్ల చదువుతుంటే నేను క్యాలెండరు వెనుక రాశాను. మొత్తం 340. వాక్యం ఉన్నవి 340. లేనివి సున్న. రెండుసార్లు ఉన్నవి సున్న. రెండుసార్లు ఎందుకు వస్తుందంటే, ఆ ఆజ్ఞను పొరపాటున మళ్ళీ ఇస్తే అది ముందే ఉందా లేదా అని చూడకుండా ఇంకోసారి చేర్చేస్తుందట. ఒకే ఇంక్రిమెంటు రెండుసార్లు ఎక్కించిన గుమాస్తాలు మనలో లేరా!

ఇంకొక మంచి ఏర్పాటు కూడా చూపించింది. గిట్ అని పేరు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ చేసినది. ఏ ఫైలులో ఏ వరుస ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెడుతుంది. పాతది కావాలంటే తీసి ఇస్తుంది. అంటే మన కరెక్షన్ స్లిప్పు నంబరు, తేదీ, చిన్న సంతకం అన్నీ అందులో ఉన్నాయి. బొద్దింకలు మాత్రం లేవు.

ఆ పిల్లకు అప్పుడు నా అటెండరు కథ చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "తాతా, నావి ఫైళ్ళు. నీవి మనుషులు" అంది. నేను అన్నాను, "నీ ఫైళ్ళ వెనుక ఎవరున్నరో నీకు తెలుసా బిడ్డా? ఎవరి జీతమో, ఎవరి దవాఖాన బిల్లో!"

మిత్రులారా, మన సంఘంలోనూ ఇది జరిగింది, మీకు గుర్తుందో లేదో. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, రాష్ట్రంలో ఒకేసారి 21 కొత్త జిల్లాలు ఏర్పడి పది జిల్లాలు 31 అయ్యాయి. మన గద్వాల మహబూబ్‌నగర్ నుండి విడిపోయి జోగుళాంబ గద్వాల జిల్లా అయింది. మనకెంత సంతోషమో! ఆ సంతోషంలో ఒక కుర్రవాడి చేత మన సంఘం కంప్యూటరులో ఉన్న కాగితాలన్నిటిలోనూ "మహబూబ్‌నగర్ జిల్లా" అన్నచోటల్లా కొత్త పేరు పెట్టించాం. ఒక్క నిమిషం పని. తీరా చూస్తే 1987 నాటి మహజరు నకలులో కూడా జోగుళాంబ గద్వాల జిల్లా అని వచ్చింది. 1987లో ఈ జిల్లా ఎక్కడిది? ఎవరైనా చూస్తే దొంగ కాగితమనరా? పైగా మహబూబ్‌నగర్ పట్నంలోనే ఇల్లు కట్టుకొని ఉన్న మన సభ్యుల చిరునామాలు కూడా గద్వాల జిల్లాకు వచ్చేశాయి. నేటి పేరు నేటి కాగితానికే పెట్టాలి. నాటి కాగితం నాటి పేరుతోనే ఉండాలి.

భూముల సంగతి మీరే నాకన్నా ఎక్కువ చూశారు. 2020 అక్టోబరులో ధరణి వచ్చాక, ఒక సర్వే నంబరులో కొంత భాగానికే అభ్యంతరం ఉన్నా మొత్తం నంబరు నిషేధిత జాబితాలోకి ఎక్కిందని రాష్ట్రమంతటా రైతులు మొత్తుకున్నారు. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. చట్టం ఏదైనా, ఒకేసారి వేల గడుల్లో ఒక మాట నింపేటప్పుడు ఆ గడి వెనుక ఉన్న రైతును చూసే కన్ను ఒకటి ఉండాలి.

నేను ఈ ముప్పై అయిదేళ్ళలోనూ, మా మనవరాలి పక్కన కూర్చున్న ఆ రెండు రోజుల్లోనూ నేర్చుకున్నది ఇంతే. వాక్యం చేర్చే ముందు నకలు తీసిపెట్టుకోవాలి. దస్త్రాలన్నీ ఒకే జాతివి కావు, విడదీసి చూడాలి. ముందు రెండు మూడింటిలో చేసి చూడాలి, అదీ జాతికి రెండు మూడు. చేర్చాక ఎన్నిటిలో చేరిందో, ఎన్నిటిలో చేరలేదో, ఎక్కడ రెండుసార్లు చేరిందో లెక్కపెట్టాలి. చివరగా, చేసినవాడి పేరూ తేదీ ఉండాలి. పేరు రాయవలసి వస్తే మనిషి ఇంకొకసారి చూస్తాడు. నా రబ్బరు ముద్రలో వాక్యం ఉంది గాని నా పేరు లేదు. ఉంటే నేను ఆ అటెండరు బిల్లులు తిరగేసి ఉండేవాడినేమో!

ఇక చివరి మాట. ఇది మీ అందరి కోసం, ముఖ్యంగా అక్కచెల్లెళ్ళ కోసం. మన పి.పి.ఓ.లు కూడా ఎవరో గుమాస్తా ఒకనాడు గుంపులో పూర్తి చేసినవే. ఇంటికి పోయాక పెట్టె తీసి ఒకసారి చదవండి. మీ పుట్టిన తేదీ సరిగా ఉందా? భార్య పేరు ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉందా? చాలా పాత పి.పి.ఓ.లలో భార్య పుట్టిన తేదీ రాసే ఉండదు. మన రాష్ట్రంలో 70 ఏళ్ళు నిండినప్పటి నుండి వచ్చే అదనపు పెన్షనుకు ఆ తేదీయే ఆధారం. రేపు ఆమె కుటుంబ పెన్షనరు అయినప్పుడు ఆ ఒక్క వరుస లేక ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలి. మీరుండగానే దరఖాస్తు పెట్టి ఆ వరుస చేర్పించండి. నకళ్ళు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంచండి. 2009 అక్టోబరు వరదల్లో రాజోలి, అలంపూర్ వైపు ఎందరి కాగితాలు తుంగభద్ర పాలయ్యాయో మనకు తెలుసు. ఆ ఏడాదే రిటైరై ఇంట్లో ఉన్న నేను ఎంతమందికి నకళ్ళ కోసం అర్జీలు రాసిపెట్టానో లెక్క లేదు. ఇంకొకచోట నకలు ఉన్నవాళ్ళు ముందు తేరుకున్నారు.

రాసుకోవడం రానివారు, చదువుకోలేనివారు మొహమాటపడవద్దు. ప్రతి సోమవారం ఉదయం పది గంటల నుండి నేను మన సంఘం ఆఫీసులో కూర్చుంటాను. మీ పి.పి.ఓ. పట్టుకొని రండి. ఒక్కొక్కరిదీ మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు చదివి చెబుతాను. కట్టలు కట్టలుగా చూడను. ఒకటి అయ్యాకే ఇంకొకటి చూస్తాను.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సెలవు.